ఒక్కరే మిగిలిన ఇళ్ళ పేజీలు

మా వంశంలో నాకు ఆనవాలు తెలిసిన మొదటి మనిషి బందరు రేవులో ఒలందా వర్తకులకు, అంటే డచ్చివాళ్ళకు, దుబాసీ. ఆయన ఒక భాషలో విన్నది రెండో భాషలో చెప్పేటప్పుడు ఒక్క మాట కూడా జారిపోయేది కాదట. ఆయన మనవడు జమీందారీ కచేరీలో శిరస్తదారు. ఆయన పల్లకీ దిగేదాకా కచేరీ తలుపులు తీసేవారు కాదు. ఆ తర్వాత నాలుగు తరాలు దివిసీమలో మూడు గ్రామాలకు మేమే కరణాలం. మా నాన్నగారు ఆఖరివారు. ప్రభుత్వం ఒక్క ఆర్డరుతో కరణీకాలు రద్దు చేసిన రోజున ఆయన రికార్డులన్నీ బండికెత్తించి, రసీదు తీసుకుని, ఇంటికొచ్చి తలారా స్నానం చేశారు. ఇంట్లో ఎవరైనా పోతే చేసే స్నానం అది. ఆ తర్వాత పోయేదాకా కలం పట్టలేదు.

ఇది ముందే చెప్పడానికి కారణం ఉంది. రాసినదాన్ని దిద్దడం, ఇంకొకరు దిద్దుతుంటే చూసి ఊరుకోవడం, రెండూ మా ఇంట్లో ఒకే నేరం. నేను కరణాన్ని కాలేదు. అయినా ఆ పట్టింపు నాతోనే ఉండిపోయింది.

నేను చదివింది లెక్కలు. నేర్చుకున్నది మాత్రం ప్రాసెసర్ భాష. మామూలు ప్రోగ్రాములు రాసేవాళ్ళు పై అంతస్తులో ఉంటే, నేను పునాదిలో ఉండేవాణ్ణి. ఏ ఆజ్ఞ ముందు, ఏ ఆజ్ఞ వెనక, ఏ అంకె ఏ గూట్లో నిలబడాలి అని ఒక్కో అడుగూ చేత్తో రాసే పని. బందరులో ఆ పని తెలిసినవాళ్ళు అప్పట్లో ఇంకెవరూ లేరు. ఆ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు గానీ, మరిచిపోనూ లేదు.

రెండు వేల సంవత్సరం దాటిన రోజులవి. బందరులో టైపు ఇన్‌స్టిట్యూటు నడిపే మాస్టారొకాయన నా కోసం మనిషిని పంపారు. దివిసీమ ఉప్పెన తర్వాత ఊరూరా రాసిన జాబితాలను కంప్యూటర్లో ఎక్కించే పని రెవెన్యూ ఆఫీసు నుంచి ఆయనకు దొరికింది. ఉప్పెనలో ఏ ఇంట్లో ఎవరు పోయారు, ఎవరు మిగిలారు అన్న జాబితాలు. చాలా ఇళ్ళకు వేరే కాగితమేదీ మిగల్లేదు. నీళ్ళు అన్నీ తీసుకుపోయాయి. ఎవరు ఎవరి బిడ్డో చెప్పేది ఆ జాబితా ఒక్కటే.

"టైపు మా పిల్లలు కొడతారండీ," అన్నారు మాస్టారు. "కొట్టాక ఎవడూ ఒక్క అక్షరం మార్చకుండా చూడాలి. మార్చితే తెలిసిపోవాలి. మీరు కరణాల ఇంటివారు కదా, అలాంటివి మీకు పుట్టుకతోనే వచ్చుంటాయి."

ఎగతాళో పొగడ్తో తెలియలేదు. ఆయన అన్నీ ఆ గొంతుతోనే అనేవారు.

దానికి మార్గం ఉంది. పేజీలో ఉన్న అక్షరాలన్నిటినీ అంకెలుగా తీసుకుని, తిప్పి, కలిపి, మళ్ళీ తిప్పి, చివరికి ఒక చిన్న సంఖ్యగా పిండుతాం. దాన్ని హ్యాష్ అంటారు. నేను పేజీ వేలిముద్ర అనేవాణ్ణి. పేజీలో ఒక్క కొమ్ము మారినా ఆ సంఖ్య గుర్తుపట్టలేనంతగా మారిపోతుంది. బందరులో టైపు అయిన రోజున ఒకసారి వేలిముద్ర తీస్తాం. గుడివాడలో భద్రపరిచేటప్పుడు మళ్ళీ తీస్తాం. రెండూ ఒకటైతే పేజీ క్షేమం.

చిక్కల్లా ఏమిటంటే బందరులో ఉన్నది మామూలు పీసీ. గుడివాడలో రైస్ మిల్లు మీద మాస్టారు అద్దెకు తీసుకున్న గదిలో ఉన్నది, ఏదో మూతపడిన సంస్థ వదిలించుకున్న పాత వర్క్‌స్టేషన్. రెండింటి ప్రాసెసర్లూ వేరు జాతులు. పీసీ ఒక సంఖ్యను చిన్న వైపు నుంచి చదువుతుంది, వర్క్‌స్టేషన్ పెద్ద వైపు నుంచి. మా ఇంట్లో నవాబుల నాటి హక్కు పత్రాలు, సనదులు, కొన్ని ఉండేవి. పైన పార్శీ కుడి నుంచి ఎడమకు, కింద తెలుగు ఎడమ నుంచి కుడికి, మాట ఒకటే. అలాంటి తేడాయే ఇది. పీసీకి సంఖ్యను గుండ్రంగా తిప్పే ఆజ్ఞ ఉంది; వర్క్‌స్టేషన్‌కి లేదు, రెండుసార్లు జరిపి అతకాలి. పీసీకి చేతిలో పట్టుకునే గూళ్ళు ఏడెనిమిదే; దానికి ముప్పై దాకా. ఒకే పనికి రెండు రాతలు రాయాలి, జవాబు మాత్రం ఒకటే రావాలి.

రాశాను. అక్షరం తర్వాత అక్షరం కాకుండా నాలుగేసి అక్షరాలు ఒక్క గుక్కలో తీసుకునేలా రాశాను. పీసీ మీద పరుగెత్తింది. వర్క్‌స్టేషన్ ముసలిది, నెమ్మది. దాన్ని కూడా పీసీతో సమానంగా నడిపించాలని నాకు పట్టుదల పుట్టింది. వారం రోజులు కూర్చుని ఒక్కో ఆజ్ఞా తీసేస్తూ వచ్చాను. చివరికి కోడ్ నున్నగా, ఎముకల దాకా చెక్కినట్టు తయారైంది. ఒక్కో పేజీ ఇచ్చి పరీక్షించాను. రెండు యంత్రాలూ ఒకే సంఖ్య చెప్పాయి.

అప్పుడు మాస్టారికి ఒక షరతు పెట్టాను. "వేలిముద్ర కలవని పేజీ ఏదైనా ఉంటే యంత్రమే చీటీ కొడుతుంది. ఆ చీటీ నేరుగా ఆఫీసుకు వెళ్ళాలి. మధ్యలో మనిషి చెయ్యి పెట్టకూడదు. మీదైనా సరే, నాదైనా సరే."

"నాది సరే, మీదెందుకండీ?"

"నాది అసలే పెట్టకూడదు."

ఆయన నవ్వి ఒప్పుకున్నారు.

నెల తిరక్కుండా ఫోను వచ్చింది. "ఒకసారి గుడివాడ రండి," అన్నారు మాస్టారు. గొంతులో ఎప్పటి ఎగతాళి లేదు. పొద్దుటి పాసింజర్ ఎక్కాను. పెడన దాటాక ఎండ పెరిగింది. దిగేసరికి పదకొండు.

మిల్లు ఆడుతుంటే పై గది నేల సన్నగా వణుకుతుంది. ఊక దుమ్ము కిటికీ సందుల్లోంచి వచ్చి అన్నిటి మీదా పొరలా పడుతుంది. మాస్టారు బల్ల మీద పదకొండు చీటీల నకళ్ళు పరిచి కూర్చున్నారు. పదకొండింటి మీదా ఒకటే మాట: సరిపోలేదు.

"టైపు తప్పులేమో," అన్నాను.

"అక్షరం అక్షరం చూశాం. తప్పు లేదు. అది కాదండీ నేను చెప్పేది. ఇవి ఎవరి పేజీలో చూడండి."

చూశాను. జాబితాలో ప్రతి ఇంటికీ రెండు పేజీలు. మొదటిది పోయినవాళ్ళది, శవం దొరికిందో లేదో కూడా అందులో ఉంటుంది; రెండోది మిగిలినవాళ్ళది. పోయినవాళ్ళ పేజీకి ఒక్కదానికీ చీటీ పడలేదు. పదకొండూ మిగిలినవాళ్ళవే. ఆ పదకొండు ఇళ్ళలోనూ మిగిలింది ఒక్కరే.

"నలుగురైదుగురు మిగిలిన ఇళ్ళ జోలికి పోవడం లేదండీ ఇది," అన్నారు మాస్టారు మెల్లగా. "ఒంటరిగా మిగిలినవాళ్ళనే పట్టుకుంటోంది."

"యంత్రానికి అక్షరాలే తెలుసు, మనుషులు తెలియరు."

"నాకూ అదే తెలుసు. మీరే చూడండి."

మొదటి చీటీలో ఉన్న పేజీ తీసి వర్క్‌స్టేషన్‌కి ఇచ్చాను. సరిపోయింది. బందరులో తీసిన వేలిముద్రే, అంకెకు అంకె. మాస్టారి వైపు గెలిచినట్టు చూశాను. ఆయన ఆ ఇంటి ఫోల్డరు మొత్తం ఇమ్మన్నట్టు వేలు చూపించారు. ఇచ్చాను. ముందు పోయినవాళ్ళ పేజీ వెళ్ళింది, తర్వాత ఇది. ప్రింటరు కదిలింది. సరిపోలేదు.

మళ్ళీ ఒంటరిగా ఇచ్చాను. సరిపోయింది. పోయినవాళ్ళ తర్వాత ఇచ్చాను. సరిపోలేదు.

ఇంకో ఇంట్లో పోయినవాళ్ళ పేజీ తెచ్చి దీని ముందు పెట్టాను. సరిపోలేదు, పైగా ఈసారి వచ్చిన సంఖ్య ఇందాకటిదీ కాదు, మరొకటి. పేజీలో ఒక్క అక్షరం కదల్లేదు. ఎవరి వెనక నిలబెడితే వాళ్ళ గుర్తు దాని మీద పడుతోంది.

అప్పుడే కరెంటు పోయింది. కింద మిల్లు ఆగిపోయింది, నేల వణుకు ఆగిపోయింది. బ్యాటరీ మీద వర్క్‌స్టేషన్ ఒక్కటే సన్నగా మూలుగుతూ ఉండిపోయింది. మాస్టారు గోడనున్న స్విచ్చి వంక చూశారు గానీ లేవలేదు.

"ఎవరో వచ్చారండీ," అన్నారు కాసేపటికి.

మెట్ల మీద ముప్పై ఏళ్ళ స్త్రీ నిలబడి ఉంది. చేతిలో ప్లాస్టిక్ సంచీ. పొద్దున్నే బయలుదేరి రెండు బస్సులు మారి వచ్చానంది. సముద్రం మీద బతికే ఊరు. ఉప్పెన నాటికి తనకు ఆరేళ్ళు. ఇంట్లో ఎనిమిది మంది. పిన్ని ఊరికి వెళ్ళిన తను తప్ప ఎవరూ మిగల్లేదు. ఆ పిన్నే పెంచింది. ఇప్పుడు తండ్రి ఇంటి స్థలం తన పేరున రాయమని అర్జీ పెట్టుకుంటే, పెదనాన్న కొడుకులు అడ్డం పడ్డారు. ఈమె ఆ ఇంటి పిల్లే కాదు, పిన్ని ఎక్కడి నుంచో తెచ్చుకుంది, జాబితాలో పేరు తర్వాత ఎక్కించారు అన్నారు. సోమవారం ఆఫీసులో విచారణ. ఆ ఫైల్లోకి మా చీటీ వెళ్ళింది.

"అన్నలకు తెలిసిందండి. యంత్రమే దొంగ కాగితమని చెప్పిందని ఊరంతా అంటన్నారు. మీ యంత్రం ఏం చూసిందండీ?" అంది నా వంక చూసి.

"పేజీ చూపించమ్మా," అన్నాను.

సంచీలోంచి అసలు జాబితాకు తీయించిన జిరాక్సు నకలు తీసింది. పోయినవాళ్ళ పేజీ, మిగిలినవాళ్ళ పేజీ. చేతిలోకి తీసుకోగానే గుర్తుపట్టాను. అది మా నాన్నగారి దస్తూరి. గుండ్రటి సున్నాలు, తలకట్లు పైకి లేచి ఉండటం, అన్నీ ఆయనవే. ఉప్పెన తర్వాత శవాలు తీస్తున్న రోజుల్లోనే ఆయన ఊళ్ళు తిరిగి జాబితా రాశారని విన్నాను. ఆ ఊళ్ళకు కరణం ఆయనే. కానీ నేను చూసింది పిల్లలు టైపు కొట్టిన పేజీలనే, చేతిరాతవి ఎప్పుడూ చూడలేదు.

"ఇది మా నాన్నగారు రాసింది," అన్నాను. "ఆయన రాసినదాంట్లో ఎవరి పేరూ తర్వాత ఎక్కదు."

"మరి మీ యంత్రం ఎక్కిందంటందిగా అండి?"

మాస్టారు గొంతు సవరించుకున్నారు. "ఆయన రాసింది నిజమైతే ఈయన రాసింది తప్పమ్మా. ఈయన రాసింది నిజమైతే ఆయనది తప్పు. ఇద్దరూ గొప్పవాళ్ళే, ఎటు తేలుతుందో చూడాలి."

ఇంకెవరైనా ఆ మాట అని ఉంటే లేచి వచ్చేసేవాణ్ణి.

పేజీ వంకే చూస్తూ కూర్చున్నాను. మిగిలినవాళ్ళ పేజీలో ఒకటే వరస. ఆమె పేరు, తండ్రి పేరు, వయసు ఆరు, ఆడపిల్ల. వరస సగంలో అయిపోయింది. అక్కడి నుంచి కాగితం అంచు దాకా నాన్నగారు ఒక గీత లాగారు. కింద మిగిలిన ఖాళీ అంతా మూల నుంచి మూలకు ఇంకో గీత. పోయినవాళ్ళ పేజీలోనూ అంతే. ప్రతి వరస చివరా అంచు దాకా గీత. కరణం రాతలో ఖాళీ చోటు అంటూ ఉండదు. వదిలితే అందులోకి ఎవరైనా వస్తారు. అందుకని రాసిన చేత్తోనే మూసేస్తారు. చిన్నప్పుడు నా రాతపుస్తకాల్లో కూడా ఆ గీతలు గీయించేవారు.

ఆ గీత మీద వేలు పెట్టి ఉండగా నాకు తెలిసిపోయింది.

నా కోడ్ అక్షరాలను నాలుగేసి తీసుకుంటుంది. పేజీ చివర ఒకటో రెండో మిగిలితే, నాలుగులో తక్కిన చోట్లు ఖాళీ. పీసీ కోసం రాసిన కోడ్‌లో ఆ ఖాళీని సున్నాలతో మూశాను. వర్క్‌స్టేషన్ కోసం చెక్కినప్పుడు ఆ మూసే ఆజ్ఞలు తీసేశాను. ఖాళీ చోటు ఖాళీగానే ఉంటుంది కదా అనుకున్నాను. మొదటి పేజీకి ఉంటుంది. రెండో పేజీ కూడా యంత్రం జ్ఞాపకంలో అదే చోట పడుతుంది. అది పొట్టిదైతే దాని చివర కింద ముందు పేజీ అక్షరాలు అలాగే ఉంటాయి. ఒక్కో ఇంటికీ ప్రోగ్రాం కొత్తగా మొదలవుతుంది కాబట్టి పోయినవాళ్ళ పేజీ ఎప్పుడూ శుభ్రం. ఎక్కువమంది పోయి ఒక్కరే మిగిలిన ఇంట్లో, పెద్ద పేజీ మీద చిన్న పేజీ పడుతుంది. పోయినవాళ్ళు దాని కొసన అంటుకుని ఉంటారు. నలుగురైదుగురు మిగిలిన ఇళ్ళలో రెండో పేజీయే పొడుగు, దాని కింద ఎవరూ మిగలరు. నిడివి నాలుగుతో సరిగ్గా తెగిన పేజీలు మాత్రమే తప్పించుకున్నాయి.

ఇది మాస్టారికి చెప్పాను. "కారణం తెలిస్తే భయం పోతుందంటారు," అన్నారాయన. "నాకు పోలేదండీ."

నాకూ పోలేదు. కరెంటు వచ్చాక, ఆమె ఇంటి రెండు పేజీలూ ఇచ్చి, యంత్రాన్ని మధ్యలో ఆపి, జ్ఞాపకంలో ఆ చోటు తెరిచి చూశాను. ఆమె వరసలో ఆఖరి అక్షరం, దాని తర్వాత మూడు అంకెలు. ఆ రోజుల్లో తెలుగు ఫాంటుకు ఏ అంకె ఏ అక్షరమో ఒక పట్టీ ఉండేది. పట్టీ పెట్టుకుని చదివాను.

"ఏముందండి అక్కడ?" అంది ఆమె. బల్ల దగ్గరకు వచ్చి నిలబడింది.

చెప్పకుండా ఉండొచ్చు. కానీ అడిగింది.

"మీ నాన్నగారి వరసలో మాటమ్మా. 'దొరకలేదు' అన్న దాంట్లో ముక్క. మధ్యలో 'కలే' అన్నది మీ పేజీ చివర ఉండిపోయింది."

ఆమె తెర వంక చూసింది. అక్కడ తెలుగు లేదు, అంకెలే. అయినా చూస్తూనే ఉంది.

"మిగతావోళ్ళు దొరికారండి," అంది. "మా అమ్మ, తమ్ముళ్ళు, నాయనమ్మ, అందరూ. మా నాన్న ఒక్కడే దొరకలేదు."

కింద మిల్లు మళ్ళీ మొదలైంది. నేల వణికింది. తెర మీద ఆ మూడు అంకెలూ వణికినట్టు కనిపించాయి.

"ఇప్పుడు తుడిచేత్తారా?"

"తుడవాలమ్మా."

"నా దాంట్లోంచేగా? ఆయన దాంట్లోంచి కాదుగా?"

"ఆయన దాంట్లో ఏదీ కదలదు."

తలూపింది. కానీ నేను తుడుస్తున్నంతసేపూ అటు తిరిగి కిటికీలోంచి చూస్తూ నిలబడింది.

తీసేసిన ఆజ్ఞలు మళ్ళీ రాశాను. మొత్తం నాలుగు. పదకొండు ఇళ్ళూ వరసగా ఇచ్చాను, పదకొండూ సరిపోయాయి. గడియారం పెట్టి చూస్తే వేగంలో కూడా తేడా రాలేదు. పేజీకి ఒక్కసారి జరిగే పని అది. తీసేసినప్పుడు నాకు మిగిలింది ఏమీ లేదు. కోడ్ చూడటానికి నున్నగా ఉంది, అంతే.

ఇక ఆఫీసుకు రాయాలి. యంత్రం చీటీని మనిషి వెనక్కి తీసుకోకూడదని షరతు పెట్టింది నేనే.

"వర్క్‌స్టేషన్ చెడిపోయిందని రాద్దాం," అన్నారు మాస్టారు. "ముసలిది, ఎవరైనా నమ్ముతారు. మీ పేరెందుకు? రేపు మీకు ఇంకొకరు పని ఇవ్వద్దూ?"

"అది చెప్పిన పనే చేసింది మాస్టారూ. దాని మీదకు నెట్టమంటారా?"

"దానికి మాన మర్యాదలుంటాయా ఏమిటండీ?"

"నాకున్నాయి."

"ఉన్నాయి కాబట్టే అంటున్నాను. ఇంత బిగుసుకుని ఏం బావుకుంటారు?" ఈసారి గొంతులో ఎగతాళి లేదు.

ఆయన ఇచ్చిన కాగితం మీద చేత్తోనే రాశాను. పేజీలో తప్పు లేదు, యంత్రంలో తప్పు లేదు, కోడ్ రాసిన నాది తప్పు అని. పదకొండు పేజీల పేర్లూ రాశాను. కింద నా పేరు, నాన్నగారి పేరు, ఇంటిపేరుతో సహా సంతకం చేశాను. వరస చివర అంచు దాకా గీత లాగి, ఆమె చేతికిచ్చాను. నమస్కారం పెట్టి, సంచీలో నకళ్ళ మధ్య భద్రంగా పెట్టుకుని మెట్లు దిగింది.

సోమవారం నేను కూడా వెళ్ళాను. చల్లపల్లి మీదుగా బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఏం చెప్పాలో మనసులో కూర్చుకుంటూ వెళ్ళాను. అక్కడ ఎక్కువ అడగలేదు. అధికారి నా కాగితం చదివి, "అంటే ఇది మీ పొరపాటని మీరే అంటున్నారు?" అన్నారు. అవునన్నాను. పెదనాన్న కొడుకుల్లో పెద్దవాడు వెనక నుంచి, "కరణంగారబ్బాయికి కూడా లెక్క తప్పిందిరోయ్," అన్నాడు. అందరూ నవ్వారు. నేను నిలబడే ఉన్నాను.

స్థలం ఆమె పేరున రాశారు.

మాస్టారి పని ఆ నెలాఖరుకు వేరేవాళ్ళకు వెళ్ళింది. తర్వాత రెండేళ్ళు బందరులో గానీ గుడివాడలో గానీ నాకు ఎవరూ కోడ్ పని ఇవ్వలేదు. రెండో ఏడు వేసవిలో కృష్ణ ఒడ్డు పల్లె శ్రీకాకుళంలో మాకు మిగిలిన పదహారు సెంట్ల ఇంటి స్థలాన్ని, బావితో సహా, అమ్మేశాను.